పడుకోవడానికే కాదు, లేవడానికీ మంచం

1945 ఫిబ్రవరి 14న ఈజిప్టులోని గ్రేట్ బిట్టర్ సరస్సులో, అమెరికా యుద్ధనౌక మీద సౌదీ రాజు అబ్దుల్ అజీజ్, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కలుసుకున్నారు. నడక కష్టమైపోయిన రాజుకు రూజ్‌వెల్ట్ తన చక్రాల కుర్చీల్లో ఒకటి కానుకగా ఇచ్చారు. రాజుగారి ఒడ్డూ పొడుగుకు అది చాలలేదు. కుర్చీని అపురూపంగా దాచుకున్నారు గానీ, మనిషి కొలతకు సరిపడని వస్తువు వాడుకకు రాదు. మంచమైనా అంతే. 1953 నవంబర్ 9న ఆయన తాయిఫ్‌లో కన్నుమూశారు.

ఇవాళ అదే తాయిఫ్‌లో కింగ్ ఫైసల్ మెడికల్ కాంప్లెక్స్, అల్ హదా సైనిక ఆస్పత్రి లాంటి పెద్ద ఆస్పత్రులున్నాయి. ఆపరేషన్ అయినవాళ్లకు వార్డులో తల ఎత్తే మంచం ఉంటుంది. అసలు ఇబ్బంది డిశ్చార్జి అయ్యాకే. క్యాంపు గదిలో ఉండే తెలుగు కార్మికుడికి అక్కడున్నది ఇనుప బంకు మంచం. పై మంచం తనదైతే తోటివాళ్లు సర్దుకుని కింది మంచం ఇవ్వాలి. కోలుకోవడానికి ఊరికి వచ్చేవాళ్ల కోసం ఇంట్లోవాళ్లు ముందే మంచం వెతుకుతారు.

షాపులో అందరూ మంచం మీద పడుకుని చూస్తారు. లేచి కూడా చూడాలి. కుట్లున్న మనిషికి నిద్ర కన్నా కష్టమైనది, అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేవడం.

మన మెడికల్ షాపుల్లో తల, మోకాళ్లు రెండూ లేచే మంచాన్ని ఫౌలర్ కాట్ అంటారు. తల ఒక్కటే లేచేది సెమీ ఫౌలర్. ఆ పేరు అమెరికన్ సర్జన్ జార్జ్ రైర్సన్ ఫౌలర్‌ది. పొట్టలో చీము పట్టిన రోగులను తల ఎత్తుగా ఉంచి పడుకోబెట్టాలని 1900 ప్రాంతంలో చెప్పిందాయనే.

ఏ ఆపరేషన్ అన్నదాన్ని బట్టి అవసరం మారుతుంది. పొట్ట కోసినవాళ్లకు తల ఎత్తి, మోకాళ్లు కొద్దిగా మడిస్తే కుట్ల మీద లాగుడు తగ్గుతుంది. గుండె ఆపరేషన్‌లో రొమ్ము ఎముకను కోస్తారు, అది అతుక్కోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేతులు ఊని లేవకూడదు కాబట్టి, తల భాగం బాగా పైకి లేచే మంచం వాళ్లకు పెద్ద ఆసరా. తుంటి మార్చినవాళ్లకు మంచం ఎత్తు ముఖ్యం. సాగిపోయిన నవారు మంచం మీద కూర్చుంటే తుంటి మోకాళ్ల కన్నా కిందికి దిగిపోతుంది, అలా దిగకూడదు. మోకాలి కీలు మార్చినవాళ్లు మాత్రం మోకాలి భాగం ఎత్తి గంటల తరబడి ఉంచుకోకూడదు, కాలు వంకరగానే బిగుసుకుపోతుంది.

పొట్ట కోసిన మనిషి లేచే తీరు చూడండి. ముందు మోకాళ్లు మడుస్తాడు. భుజం, నడుము ఒకేసారి కదిలేలా, మెలితిరగకుండా దుంగలా పక్కకు దొర్లుతాడు. పాదాలు మంచం అంచు నుంచి కిందికి దించి, మోచేతి మీద బరువు వేసి కూర్చుంటాడు. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే మంచం ఎత్తెక్కువ, మోకాళ్లు తుంటి కన్నా పైకి వస్తే ఎత్తు తక్కువ. పరుపుతో కలిపి కొలవాలి.

పరుపు మంచంతోపాటు వంగాలి, మందపాటి స్ప్రింగు పరుపు వంగదు. చక్రాలకు బ్రేకు గట్టిగా పడాలి. తల ఎత్తే ముందు మోకాళ్ల భాగం కాస్త ఎత్తితే మనిషి కిందికి జారడు. జారితే పిరుదుల దగ్గర చర్మం రాపిడికి గురై పుండ్లు పడతాయి.

కరెంటు మంచమైతే రిమోటు చేతికి అందాలి, కరెంటు పోయినా దించే వీలుండాలి. సౌదీ పాత ఇళ్లలో 127 వోల్టుల సాకెట్లు, 220 వోల్టులవి రెండూ ఉంటాయి, మోటారు మీద రాసి ఉన్నది చూసుకోవాలి. హ్యాండిల్ తిప్పే మంచం చవకే గానీ, తిప్పడానికి రాత్రిపూట పక్కన మరొకరుండాలి.

కోలుకునే కొద్ది వారాల కోసం కొననక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడల్లో నెలవారీ అద్దెకు ఇస్తారు. డిశ్చార్జికి ముందు రోజు ఆస్పత్రిలో ఫిజియోథెరపిస్టు దగ్గర లేవడం సాధన చేసి, ఏ ఎత్తులో సులువుగా లేవగలిగారో టేపుతో కొలిచి ఇంటికి వాట్సాప్‌లో పంపితే చాలు. ఆ ఎత్తుకు సరిపోయే మంచం, లేదా ఉన్న మంచం కోళ్ల కింద కదలకుండా బిగించే చెక్క దిమ్మెలు, మనిషి ఇల్లు చేరేలోపే సిద్ధంగా ఉంటాయి.