కింది కనురెప్ప వెలుపలికి వాలితే ఉపేక్షించరాదు - సకాల చికిత్సతో చూపునకు రక్షణ

వయసు మీరిన వారికి కంటి వెంట నీరు కారడం సహజమేనన్న అభిప్రాయం ప్రజలలో ఉంది. అయితే కింది కనురెప్ప సడలి వెలుపలికి తిరగడం కూడా ఇందుకు కారణం కావచ్చు. వైద్య పరిభాషలో దీనిని ఎక్ట్రోపియన్ అంటారు. శస్త్రచికిత్సతో సరిచేయదగిన ఈ లోపాన్ని ఉపేక్షించినచో కార్నియా దెబ్బతిని చూపు తగ్గే ప్రమాదం ఉంది.

కన్నీరు రెప్ప అంచున ముక్కు వైపు గల సూక్ష్మ రంధ్రం ద్వారా ముక్కులోనికి చేరుతుంది. రెప్ప కంటికి ఎడమైనప్పుడు ఆ రంధ్రమూ దూరమై నీరు చెంపపైకి జారుతుంది. మరోవైపు కంటి ఉపరితలం గాలికి ఆరిపోతుంది. ఎరుపు, మంట, ఇసుక పడినట్లుండే బాధ దీని లక్షణాలు. కంటిని మాటిమాటికీ కిందికి తుడవడం వలన రెప్ప మరింత సడలుతుంది.

కారణాలు

వయసుతో కండరాలు, బంధనాలు సడలడం ప్రధాన కారణం. ముఖ పక్షవాతం, కాలిన గాయాల మచ్చలు, రెప్పపై కణుతులు ఇతర కారణాలు. కుష్ఠువ్యాధిలో ముఖనాడి దెబ్బతిన్నప్పుడు సైతం రెప్ప వాలి, కన్ను పూర్తిగా మూతపడదు. కార్నియాకు స్పర్శ తగ్గిన రోగికి నలుసు పడినా, పుండు ఏర్పడినా బాధ తెలియదు. జాతీయ స్థాయిలో కుష్ఠు నిర్మూలన లక్ష్యాన్ని దేశం 2005 డిసెంబరులో చేరుకున్నప్పటికీ కొత్త కేసులు నమోదవుతూనే ఉన్నాయి. కావున ఈ రోగుల కళ్లను క్రమం తప్పక పరీక్షించవలసి ఉంది.

చికిత్స

కృత్రిమ కన్నీటి చుక్కలు, రాత్రివేళ వాడే కంటి ఆయింట్‌మెంటు తాత్కాలిక ఉపశమనాన్నిస్తాయి. సడలిన రెప్పను బయటి మూల వద్ద కురచ చేసి, కంటిగూటి ఎముక అంచున బిగించి కుట్టడం శాశ్వత చికిత్సలలో ముఖ్యమైనది. మచ్చ వలన చర్మం లాగుకొనిపోయినచో వేరొక చోటి చర్మాన్ని అతికిస్తారు. సాధారణంగా స్థానిక మత్తుతోనే ఈ శస్త్రచికిత్స పూర్తవుతుంది. ముఖ పక్షవాతం కోలుకొనే అవకాశమున్నచో అంతవరకు కంటికి రక్షణ కల్పిస్తూ వేచి చూస్తారు.

శిబిరాలలో శ్రద్ధ అవసరం

అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లో ప్రారంభమైంది. నేత్ర శిబిరాలలో శుక్లాల పరీక్షతో పాటు రెప్పల స్థితినీ గమనించడం అవసరం. వాలిన రెప్పతో శుక్లాల ఆపరేషన్ చేసినచో ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది గనుక ముందుగా రెప్పను సరిచేయడం మేలు. నీరు కారే కళ్లతో వచ్చే వృద్ధులను చుక్కల మందుతో సరిపెట్టి పంపక నేత్ర వైద్య నిపుణుల వద్దకు పంపినచో నివారించదగిన అంధత్వాన్ని అరికట్టగలము. కంటినొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం కనిపించినచో ఏమాత్రం జాప్యం చేయరాదు.