చూసిన వీడియో ఫోన్‌లో ఎందుకు మిగలదు?

ఒక గంట పాఠాన్ని ఇంటర్నెట్‌లో చూశారనుకోండి. అందులోని ప్రతి బొమ్మా, ప్రతి మాటా మీ ఫోన్‌లోకి వచ్చే ఉండాలి. రాకపోతే తెర మీద కనబడదు. అయినా మర్నాడు అదే పాఠం చూడాలంటే చాలాసార్లు డేటా మళ్లీ ఖర్చవుతుంది. వచ్చినదంతా ఏమైనట్టు?

స్ట్రీమింగ్‌లో వీడియో ఒకే ఫైలుగా రాదు. సర్వర్‌లో దాన్ని కొద్ది సెకన్ల చొప్పున ముక్కలు చేసి ఉంచుతారు. ఏ ముక్క తర్వాత ఏది రావాలో చెప్పే జాబితా ఒకటి వాటితోపాటే ఉంటుంది. ఆపిల్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన డాష్, రెండూ ఈ పద్ధతిలోనే పనిచేస్తాయి. ప్రతి ముక్కనూ పలు నాణ్యతల్లో తయారుచేసి పెడతారు. సిగ్నల్ బాగుంటే ప్లేయర్ స్పష్టమైన ముక్కను తెప్పించుకుంటుంది, తగ్గితే మసకదానితో సరిపెట్టుకుంటుంది. బొమ్మ ఉన్నట్టుండి అలుక్కుపోయి, కాసేపటికి తేరుకోవడం అందుకే. చూడటం పూర్తయిన ముక్కల్ని ప్లేయర్ ఎక్కువసేపు ఉంచుకోదు.

కాబట్టి వీడియోను దాచుకోవడమంటే ఆ ముక్కలన్నిటినీ తెచ్చి, పారేయకుండా వరుసలో అతికించడమే. చాలాచోట్ల బొమ్మ, శబ్దం వేర్వేరు ముక్కలుగా వస్తాయి. దించుకున్న వీడియోలో కొన్నిసార్లు మాట వినబడకపోవడానికి ఇదొక కారణం.

అసలు చిక్కు తాళం దగ్గర వస్తుంది. సినిమాల యాప్‌లలో 'డౌన్‌లోడ్' నొక్కితే ముక్కలు ఫోన్‌లోకి చేరతాయి గానీ, ఎన్‌క్రిప్షన్‌తో బిగించి ఉంటాయి. వాటిని తెరిచే తాళంచెవి యాప్ చేతిలో ఉంటుంది, దానికి గడువూ ఉంటుంది. యూట్యూబ్ 2014 డిసెంబరులో భారత్‌లో ఆఫ్‌లైన్ సదుపాయం తెచ్చినప్పుడు ఆ గడువు 48 గంటలు. ఇలాంటి ఫైలును మెమరీ కార్డులోకి ఎక్కించినా మరో ఫోన్‌లో ఆడదు. కాపీరైట్ యజమాని హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఈ తాళాన్ని ఛేదిస్తే, 2012 సవరణతో మన కాపీరైట్ చట్టంలో చేరిన 65ఏ సెక్షన్ ప్రకారం నేరం. దాచుకోవడం అంటున్నాం గానీ, నిజానికి ఇది గడువు పెట్టి ఇచ్చిన అరువు.

చదువుకునేవారికి ఇలాంటి అరువు చాలదు. పరీక్షల ముందు తెరిచేసరికి గడువు తీరిపోయిందంటే దించుకుని ఏం లాభం? ఆ పాఠాలకు వేరే దారి ఉంది. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఇస్తున్నారు. మూలాన్ని పేర్కొని, అదే షరతు మీద ఎవరికైనా పంచవచ్చు. వెబ్‌సైట్ నుంచి దించుకున్న ఫైలుకు తాళం ఉండదు.

ఎంత చోటు పడుతుందో లెక్క వేద్దాం. సెకనుకు 10 లక్షల బిట్ల చొప్పున వచ్చే వీడియో గంటకు 360 కోట్ల బిట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక అది 450 మెగాబైట్లు. నల్లబల్ల మీది రాత చదవడానికి సాధారణంగా ఈ మాత్రం నాణ్యత చాలు. ఇంకా తగ్గిస్తే సమీకరణాల్లో చిన్న అంకెలు కలిసిపోతాయి. గంటేసి పాఠాలు 40 ఉన్న కోర్సు 18 జీబీ అవుతుంది. సిగ్నల్ ఉన్న ఊళ్లో ఒకరు ఒక్కసారి దించుకుంటే, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో తరగతికంతా అందించవచ్చు.