మరపునకు రక్తసాక్ష్యము

చార్మినారు చుట్టుపట్ల ఇంట తెలుగు, అంగడిలో ఉర్దూ మాట్లాడు వృద్ధులు గలరు. హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము, ఒక్క భాషయే తెలిసినవారికంటె ఇతరులలో మరపు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా పొడసూపినదని 2013లో ప్రకటించినది. చదువురానివారిలోను ఈ తేడా కానవచ్చుట విశేషము.

అయితే లక్షణము ఆలస్యమైనంత మాత్రమున వ్యాధి ఆగినదనరాదు. అల్జీమర్స్ వ్యాధిలో మెదడు కణముల వెలుపల అమిలాయిడ్, లోపల టౌ అను ప్రోటీనులు మరపునకు ఎన్నో ఏండ్ల ముందే పేరుకొనసాగును. అప్పుడు వెన్నుద్రవములో అమిలాయిడ్-42 తగ్గును, టౌ హెచ్చును. తగ్గుట రోగచిహ్నమా? మెదడులో చిక్కుకొన్నది ద్రవములోనికి రాదు గదా!

2025 మే నెలలో అమెరికా అనుమతించిన పరీక్ష, ఫాస్ఫేటు చేరిన టౌ-217కును అమిలాయిడ్-42కును గల నిష్పత్తిని రక్తములోనే కొలుచును. అదియు మరపు లక్షణములు కనిపించిన 55 ఏండ్లు నిండినవారికే.