'మాయ'కు మండుటెండలో పరీక్ష

రక్షణ శాఖ కంప్యూటర్లలో విండోస్‌ స్థానంలో 'మాయ' ఆపరేటింగ్‌ సిస్టమ్‌ రానుందని 2023 ఆగస్టులో వార్తలు వచ్చినప్పుడు అందరూ అడిగింది ఒక్కటే: హ్యాకర్లను ఆపుతుందా? రాయ్‌పుర్‌లో ఉంటున్న నాకు మరో సందేహం కలిగింది. కవచాలన్నీ తొడిగాక అది చురుగ్గా నడుస్తుందా?

ఉబుంటు పునాదిగా డీఆర్‌డీవో, సీడ్యాక్‌, ఎన్‌ఐసీ కలిసి రూపొందించిన వ్యవస్థ ఇది. కంప్యూటర్‌కూ ఇంటర్నెట్‌కూ మధ్య 'చక్రవ్యూహ్‌' అనే కాపలా పొర ఉంటుంది. కాపలా సాఫ్ట్‌వేర్‌ ఏదైనా ప్రాసెసర్‌ సమయాన్నీ మెమరీనీ ఎంతోకొంత తినక మానదు. యంత్రం మరీ మందగిస్తే ఉద్యోగి ఏం చేస్తాడు? పని గడవడానికి ఫైలును సొంత ఫోన్‌లోకో, పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కించుకుంటాడు. అంతటితో చక్రవ్యూహానికి గండి పడ్డట్టే!

పరీక్ష చాలకపోతే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్‌ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక్క లోపభూయిష్ట అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్‌ కంప్యూటర్లు కుప్పకూలాయి. ముందు కొన్ని యంత్రాలకే పంపి చూసి ఉంటే నష్టం అక్కడితో ఆగేది.

'మాయ' ప్రయోగ దశ మనకు అందదు. దాని మాతృక ఉబుంటు మాత్రం ఏటా ఏప్రిల్‌, అక్టోబరుల్లో కొత్తగా వస్తుంది. కొన్ని వారాల ముందే బీటా అందరికీ దొరుకుతుంది. దాన్ని నా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించి చూస్తుంటాను. తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు, పెద్ద ఫోల్డర్‌ కాపీకి ఎంతసేపు, ఖాళీగా ఉన్నప్పుడు మెమరీ ఎంత పోతోంది... ఇవే కొలతలు. ఒక్కసారి కొలిస్తే నమ్మలేం. రెండోసారి అదే ఫైలు మెమరీలోంచే రావచ్చు, వేగం పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. అందుకే ప్రతిసారీ యంత్రాన్ని ఆపి, మళ్లీ మొదలుపెట్టి, ఐదారుసార్లు చూడాలి. పైగా విడుదలకు ముందు కూర్పుల్లో తప్పులు పట్టే అదనపు కోడ్‌ ఉండొచ్చు; నెమ్మదిగా ఉందని అప్పుడే తీర్పు చెప్పేయకూడదు.

ఇక ఎండ సంగతి. ఏప్రిల్‌లో ఇక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. ప్రాసెసర్‌ బాగా వేడెక్కితే తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకుంటుంది. తెల్లవారుజామున వచ్చిన అంకె మిట్టమధ్యాహ్నం రాదు. ఢిల్లీలో ఏసీ గదిలో వచ్చిన ఫలితాన్ని నమ్ముకొని రేపు ఇలాంటి వ్యవస్థనే బస్తర్‌లోని పారామిలిటరీ శిబిరాలకు పంపితే?

చక్రవ్యూహ్‌ను ఆపి ఎంత, ఉంచి ఎంత, ఎన్నేళ్ల నాటి యంత్రంపై, ఎంత వేడిలో కొలిచారో రక్షణ శాఖ చెప్పొచ్చు. ఆ సెకన్ల లెక్క తెలిసినంత మాత్రాన శత్రువుకు ఒరిగేదేమీ ఉండదు.