నాపరాళ్ల ఊళ్లో వినైల్ ఫ్లోరింగ్: మనమే వేసుకోవచ్చా?

చెక్కలా కనిపించే ఆ ఫ్లోరింగ్ మనమే వేసుకోవచ్చా అని చాలామంది అడిగారు. వేసుకోవచ్చండి. కానీ ఏ గదిలో అన్నదే అసలు ప్రశ్న. జగ్గయ్యపేటలో మా ఇంటి మేడ మీద గదికి నేనే వేశాను, రెండు రోజులు పట్టింది. కింద అమ్మ గదికి మాత్రం, ఆవిడ ఎంత అడిగినా వేయలేదు. ఎందుకో చెప్తాను.

ముందు వస్తువు సంగతి. షాపులో వినైల్ అంటే మూడు రకాలు చూపిస్తారు. చాపలా చుట్టగా వచ్చేది, బంకతో అంటించే పలచటి ప్లాంకులు, ఒకదానిలో ఒకటి టక్కుమని ఇరుక్కునే గట్టి ప్లాంకులు. సొంతంగా వేసుకునేవాళ్లకి మూడోది సుఖం. దాన్ని ఎస్‌పీసీ అంటారు, అంటే స్టోన్ ప్లాస్టిక్ కాంపోజిట్. ఆ స్టోన్ ఏంటో తెలుసా? సున్నపురాయి పొడి! దాన్ని పీవీసీతో కలిపి పలకగా ఒత్తి, పైన చెక్క బొమ్మ ఉన్న ఫిల్మ్, దాని మీద అరుగుదలకి ఆగే పారదర్శకమైన పొర వేస్తారు. మన జయంతిపురం, ముక్త్యాల సిమెంట్ ఫ్యాక్టరీలు నడిచేది సున్నపురాయి మీదే. 1882లో బర్జెస్ తవ్వించిన ధనబోడు స్తూపం పలకలూ సున్నపురాయే. మా మేస్త్రీ గారు "ఏం బాబూ, నాపరాళ్ల ఊళ్లో ప్లాస్టిక్ పరుస్తావా" అంటే, "ఇదీ రాయే మేస్త్రీ గారూ, పొడి చేసి అతికించారంతే" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు లెండి.

ఈ ఫ్లోర్ కింద గచ్చుకి అంటుకోదు, ఊరికే దాని మీద తేలుతూ ఉంటుంది. అందుకే కింద మట్టం సరిగ్గా లేకపోతే నడిచినప్పుడల్లా జాయింట్ కిందికీ పైకీ ఊగి, కొన్నాళ్లకి ఆ సన్నటి లాక్ విరిగిపోతుంది. మేస్త్రీల దగ్గరుండే పొడుగు అల్యూమినియం బద్ద తెచ్చి గచ్చు మీద అన్ని దిక్కులా పెట్టి చూడండి. పది అడుగుల్లో 5 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ సందు కనిపిస్తే సరిచేయాల్సిందే. ఎత్తుగా ఉన్నచోట గ్రైండర్‌తో అరగదీయాలి, గుంటని లెవెలింగ్ కాంపౌండ్‌తో నింపాలి. పలచగా నీరు సిమెంట్ పోస్తే పొరలు పొరలుగా లేచిపోతుంది. నాకు రెండు రోజుల్లో ఒక రోజు పూర్తిగా దీనికే పోయింది. వీడియోల్లో ఈ భాగం చూపించరు, చూడ్డానికి బోరు కదా.

తర్వాత లెక్క. కోడింగ్ వదిలేసినా లెక్క వదల్లేదు. మా గది వెడల్పు 9 అడుగుల 7 అంగుళాలు, అంటే 2921 మి.మీ. రెండు గోడల దగ్గరా 8 మి.మీ. చొప్పున ఖాళీ తీసేస్తే 2905. ప్లాంక్ వెడల్పు 180. పదహారు వరసలకి 2880 పోతుంది, చివర మిగిలేది 25 మి.మీ. పీలిక! అంత సన్నది లాక్ పట్టుకోదు. అందుకని మొదటి వరసని, చివరి వరసని 102 మి.మీ. చొప్పున కోసుకున్నాను, మధ్యలో పదిహేను నిండు వరసలు. ఈ లెక్క మొదటి ప్లాంక్ పెట్టకముందే అయిపోవాలి. కోయడం సులువే: కట్టర్‌తో రెండు మూడు గీతలు గీసి విరిస్తే చాలు. పక్కపక్క వరసల జాయింట్లు మాత్రం ఒకే గీతలో పడకూడదు, కనీసం అడుగు ఎడం ఉంచండి.

గోడ దగ్గర ఆ 8 మి.మీ. ఖాళీ ఎందుకంటే, ఎండకి ఫ్లోర్ సాగుతుంది. నందిగామ, జగ్గయ్యపేట మే నెల ఎండ సంగతి మీకు చెప్పాలా? చలికాలంలో గోడకి ఆనించి బిగిస్తే ఎండాకాలానికి మధ్యలో ఉబ్బుతుంది. 4 మి.మీ. ప్లాంక్ ముక్కలు రెండు కలిపి గోడ దగ్గర పెడితే అదే స్పేసర్. అయ్యాక తీసేసి, స్కర్టింగ్‌ని గోడకి బిగించండి, ఫ్లోర్‌కి కాదు. గడప దగ్గర కూడా ఖాళీ వదిలి, అంచు పట్టీతో కప్పండి. ఇనప బీరువా ఒక పక్కన ఉంటే ఫర్వాలేదు. రెండు పక్కలా బరువు పెడితే ఫ్లోర్ కదలడానికి వీలుండదు. దేవుడి గదికి మాత్రం వద్దు, కర్పూరం పడితే మచ్చ పోదు.

ఇక అమ్మ గది. అక్కడ నాపరాళ్లు ఎగుడుదిగుడయ్యాయి, ఆవిడకి రెండుసార్లు కాలు తట్టింది. అందుకే ఈ ఫ్లోరింగ్ మీద ఆశ. కానీ కింద ఉన్నది నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది. పైగా పాత ఇంటి పునాదిలో చెమ్మని ఆపే పొర లేదు. అడుగున్నర చదరం పాలిథీన్ కాగితం నేల మీద పరిచి, నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు ఉంచాను. తెల్లారి తీస్తే కింద నీటి చుక్కలు! వినైల్ నీళ్లకి పాడవదు, నిజమే. కానీ ఆ చెమ్మని పైకి పోనివ్వదు కూడా. అది కిందే ఉండి బూజు పడుతుంది, వాసనొస్తుంది. ఈ పరీక్ష వానాకాలంలోనే చేయండి. మేలో పాసైన నేల ఆగస్టులో ఫెయిలవుతుంది.

ఐతవరం వైపు మున్నేరు వరద చూసిన ఇళ్లవాళ్లు, 2023 జులై గుర్తుందిగా, మరీ జాగ్రత్త. ఇప్పటికే ఈ ఫ్లోర్ ఉండి నీళ్లొస్తే, ఒక గోడ వైపు నుంచి వరస వరస విప్పి, నంబర్లు రాసి, నేల పూర్తిగా ఆరాక, మళ్లీ పరీక్ష చేసి వేసుకోవచ్చు. తేలే ఫ్లోర్‌తో ఉన్న లాభం అదే. లాక్ విరిగిన ముక్కల కోసం ఒక బాక్స్ దాచుకోండి.

అమ్మ గదిలో లేచిన రాళ్లు తీయించి, కింద ఇసుక సర్ది మళ్లీ పరిపించాం, సందులు నింపించాం. ఇంటి చుట్టూ వాన నీళ్లు పునాది దగ్గర నిలవకుండా వాలు పెట్టించాం. వచ్చే ఆగస్టులో అదే పాలిథీన్, అదే టేపు. అమ్మ రంగు మాత్రం ఇప్పుడే ఎంచేసుకుంది, టేకు రంగట.