పిస్తోలుకు పుట్టుమచ్చలు

తాతగారి ఇనప్పెట్టెలో ఓ పొడవాటి జర్మన్ పిస్తోలు దొరికిందనుకోండి. దానిమీద 'డి.ఆర్.జి.ఎం.' అని ఉంటే చాలామంది అది కంపెనీ పేరే అనుకుంటారు. కాదు! 1891 నుంచి జర్మనీలో చిన్నపాటి డిజైన్లకిచ్చిన రిజిస్ట్రేషన్ గుర్తది. బొమ్మల మీదా ఉంటుంది, కాఫీ మిల్లుల మీదా ఉంటుంది.

అసలు జాతకం గొట్టం అడుగున దాక్కుంటుంది. చెక్క విప్పితే కనిపిస్తుంది. కిరీటం కింద 'బి' ఉంటే కాల్చి పరీక్షించారని, 'యు' ఉంటే తనిఖీ చేశారని, 'జి' ఉంటే లోపల మెలితిరిగిన గాడులున్నాయని అర్థం. 1893లో అమల్లోకొచ్చిన పద్ధతి ఇది. 1940 నుంచి కిరీటం పోయి గద్ద వచ్చింది. కొన్నింటిమీద '7 23' లాంటి అంకెలుంటాయి. అంటే 1923 జులైలో పరీక్షించారన్నమాట.

ఊరి పేరూ సాక్ష్యమే. ఇరుగుపొరుగున ఉన్న జెల్లా, మేలిస్ ఊళ్లు 1919లో ఒక్కటయ్యాయి. కాబట్టి 'జెల్లా-మేలిస్' అని చెక్కి ఉంటే పిస్తోలు అంతకుముందుది కాదు. 'టెల్' పిస్తోళ్లు చేసిన బ్యూహెల్‌ది ఆ ఊరే.

గొట్టం మీది పేరును మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. చాలాసార్లది అమ్మిన దుకాణదారుది. చేసేదొకరు, పేరింకొకరిది... మల్లాపూర్ పారిశ్రామికవాడలో జాబ్‌వర్కు చేసేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పాలా!

పాతదే కదా, ఇంట్లో ఉంచుకుందాం అనుకుంటే మాత్రం చిక్కే. 1959 ఆయుధాల చట్టం వదిలిపెట్టేది మరమ్మతు చేసినా పేలని పాతవాటినే. పేలేదైతే లైసెన్సు ఉండాల్సిందే. ఇంకోమాట... తుప్పు వదలాలని ఎమెరీ కాగితం పట్టారో, తుప్పుతోపాటు ఆ ముద్రలూ పోతాయి.