షుగరు జబ్బు, మన తీర్పులు

తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్ళే దారిలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. గృహకూడికలకు ఆ గోడ పక్కగా ఎన్నిసార్లు నడిచామో! లోపల జరిగే పని మన విశ్వాసుల ఇళ్ళలోని జబ్బును గూర్చినదని చాలాకాలం ఎరుగము.

అక్కడ 1920 నుండి పెంచుతూ వచ్చిన ఎలుకల సంతతిలో దానంతట అదే ఒక స్థూలకాయపు రకం పుట్టింది. 1996లో శాస్త్రజ్ఞులు దానిని లోకానికి తెలియజేశారు. పుట్టుకతో వచ్చిన జన్యువు మార్పు వలన దాని ఆకలి తీరదు. రక్తములో ఇన్సులిన్ విపరీతం, చక్కెర మాత్రం మామూలే! ఇదెట్లు? చక్కెరను లోనికి తీసుకొమ్మని కండరాలకు అందే కబురే ఇన్సులిన్. కండరాలు, కాలేయం ఆ కబురును లక్ష్యపెట్టకపోతే క్లోమగ్రంథి ఇంకా ఇంకా పంపుతుంది. అది అలసిపోయిన నాడు మనుష్యులలో చక్కెర పైకి వస్తుంది. అప్పటికి లోపలి కథ కొన్నేళ్ళ పాతది.

అదే ప్రాంతంలోని సి.సి.ఎం.బి.లో డాక్టర్ చందక్ గారి బృందం, టి.సి.ఎఫ్.7ఎల్2 అనే జన్యువులోని తేడాలు భారతీయులలోనూ ఈ జబ్బుతో ముడిపడి ఉన్నవని 2007లో చూపింది. అయితే జన్యువు ఉంటే చాలదు, ఏ కణంలో ఎంతగా పనిచేస్తున్నదో చూడాలి. 1944-45లో హాలండు కరువు నాళ్ళలో తల్లి గర్భములో ఉన్నవారికి పెద్దయ్యాక చక్కెరను తట్టుకొనే శక్తి తగ్గిందట. గర్భధారణ వేళ ఆ కరువు తాకినవారి జన్యువులపై రసాయన గుర్తులలో తేడా అరవై ఏళ్ళకూ కనబడింది. తిననివారి బిడ్డలు వీరు, తిండిపోతులు కారు.

ఇది చదివి మేము సిగ్గుపడ్డాము. షుగరు తిండిపోతుతనానికి జీతమని ఒక ఆదివారం ప్రసంగించియున్నాము. ముందు వరుసలో సన్నగా ఉండే ఒక సహోదరి తలవంచుకొన్నది. ఆమె మాత్రలు మానివేసి, ప్రార్థనతోనే పోవాలని మూడు నెలలు దాచుకొన్నది. పాదము పుండుపడిన తరువాత గాని మాకు తెలియలేదు. క్షమాపణ అడిగాము. "ఫరవాలేదు అయ్యగారూ" అన్నది గాని, మాకైతే ఫరవాలేదనిపించలేదు.

జన్యువులే సర్వమని కాదు. నడిచే కండరం ఇన్సులిన్ కబురు లేకున్నా చక్కెరను లాగుకొంటుంది. వ్యాయామముతో అక్కడి గ్లూట్-4 జన్యువు చురుకవుతుంది. అందుకే దగ్గరి ఇళ్ళ కూడికలకు స్కూటరు మానాము.

మాత్రలు, ఇన్సులిన్ వాడువారు వైద్యుని అడగకుండా ఉపవాసముండరాదని ఇప్పుడు ప్రకటనలలో చదువుతున్నాము. ఆరాధన తరువాత చక్కెర లేని టీ వేరే ఫ్లాస్కులో పెడుతున్నాము. మొదటి వారమే ఆ ఫ్లాస్కు ముందు ఖాళీ అయింది.